పళ్ళ డాక్టరు కుర్చీ నుంచి పేకాట బల్ల దగ్గరికి

పళ్ళ డాక్టరు గదిలో అన్నిటికన్నా ఖరీదైనది ఏమిటని అడిగితే చాలామంది ఎక్స్‌రే యంత్రం అంటారు, లేదా పంటికి వేసే క్యాపు అంటారు. లెక్కలు చూసేవాళ్ళు మాత్రం ఆ వాలుకుర్చీలో గడిచే ఒక్క నిమిషం అంటారు. గది అద్దె, పరికరాలు శుభ్రం చేసే ఖర్చు, పక్కన నిలబడే సహాయకురాలి జీతం, డాక్టరు చదువుకు పట్టిన ఏళ్ళు, అన్నీ ఆ నిమిషం మీదే పడతాయి. పుచ్చు పూడ్చటానికో, పాడైన పన్ను తీయటానికో వాడితే ఆ నిమిషానికి తగ్గ ఫలితం దక్కుతుంది. కానీ అదే నిమిషాన్ని "బ్రష్షు ఇలా పట్టుకోండి, రాత్రి కట్టుడు పళ్ళు తీసి పడుకోండి" అని చెప్పటానికి ఖర్చు పెడితే? ఆ మాట ఆ కుర్చీలోనే చెప్పాలా? ఇంకెక్కడైనా, ఇంకెవరైనా చెప్పకూడదా?

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో, ఇటలీ నుంచీ గ్రీసు నుంచీ వలస వచ్చి ముసలివాళ్ళైన మనుషుల క్లబ్బుల్లో ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. ఆ జవాబు ఒక్కరి బుర్రలో ఒక్కరోజులో పుట్టలేదు. డెన్మార్క్‌లో పళ్ళు తోముకోవటం మానేసిన విద్యార్థులకూ, స్వీడన్‌లోని ఒక పట్టణానికీ, కాలిఫోర్నియాలో కీళ్ళనొప్పులతో బాధపడ్డవాళ్ళకూ అందులో వాటా ఉంది.

ముందు ఆ ముసలివాళ్ళ సంగతి. 1945లో ఆర్థర్ కాల్వెల్ ఆస్ట్రేలియాకు మొట్టమొదటి వలస శాఖ మంత్రి అయ్యారు. యుద్ధం ముగిసింది, ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి, బ్రిటన్ నుంచి వచ్చేవాళ్ళు చాలటం లేదు. 1951లో ఇటలీతో, 1952లో గ్రీసుతో వలస ఒప్పందాలు కుదిరాయి. దక్షిణ ఇటలీ, గ్రీసు పల్లెల నుంచి పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళ వాళ్ళు ఓడలెక్కి వచ్చారు. చాలామంది బోనెగిల్లా శిబిరంలో కొన్నాళ్ళుండి, తర్వాత మెల్‌బోర్న్ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో, బట్టల ఫ్యాక్టరీల్లో, ఇళ్ళు కట్టే పనుల్లో చేరారు. పిల్లల్ని చదివించుకున్నారు, ఇళ్ళు కొనుక్కున్నారు. ఇంగ్లీషు మాత్రం పనికి సరిపడినంతే వచ్చింది. ఫ్యాక్టరీలో పక్కన నిలబడ్డవాడూ తమ ఊరివాడే అయినప్పుడు అంతకన్నా ఎక్కువ అవసరమూ పడలేదు.

వాళ్ళ పళ్ళ చరిత్ర వాళ్ళ పాస్‌పోర్టుల కన్నా పాతది. యుద్ధకాలపు పల్లెల్లో పంటి నొప్పికి ఉన్న వైద్యం ఒక్కటే, పీకించుకోవటం. మెల్‌బోర్న్ కుళాయి నీళ్ళలో ఫ్లోరైడు కలపటం 1977లో గానీ మొదలు కాలేదు. అప్పటికి వీళ్ళలో చాలామంది నడివయసు దాటుతున్నారు. పుచ్చులు రాకుండా చిన్నప్పుడే అందే రక్షణ వీళ్ళకు అందలేదు. 1990లు వచ్చేసరికి వీళ్ళు రిటైరై క్లబ్బుల్లో కాఫీ తాగుతూ, పేకాడుకుంటూ కూర్చున్నారు. నోట్లో కొన్ని సొంత పళ్ళు, కొన్ని కట్టుడువి, రక్తం కారే చిగుళ్ళు.

ఆస్ట్రేలియాలో ఆరోగ్య బీమా అందరికీ ఉంది కదా అనిపిస్తుంది. ఉంది, పళ్ళకు తప్ప. జాన్ డీబుల్, రిచర్డ్ స్కాటన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1960ల చివర్లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కూర్చుని రాసిన పథకమే 1975లో మెడిబ్యాంక్‌గా, 1984లో మెడికేర్‌గా అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్ళ పంటి వైద్యం రెండిట్లోనూ లేదు. ఖర్చు భరించలేమన్నది ఒక కారణం. డాక్టర్ల సంఘాలతో అప్పటికే పెద్ద పోరు నడుస్తుంటే దంతవైద్యులతో ఇంకోటి ఎందుకన్నది మరో కారణమంటారు. 1994 జనవరిలో కేంద్ర ప్రభుత్వం తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళ కోసం ఒక దంతవైద్య పథకం మొదలుపెట్టింది. 1996 చివర్లో, ప్రభుత్వం మారాక, దాన్ని ఎత్తేసింది. ప్రభుత్వ పంటి ఆసుపత్రుల ముందు నిరీక్షణ జాబితాలు మళ్ళీ పెరిగాయి. పింఛను మీద బతికే ముసలాయనకు మిగిలినవి రెండు దారులు: ప్రైవేటు క్లినిక్‌లో జేబు ఖాళీ చేసుకోవటం, లేదా నొప్పి భరించలేనంత అయ్యేదాకా వరసలో ఎదురుచూడటం.

ఆ రోజుల్లోనే మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు దంతవైద్య పాఠశాల పరిశోధకులు రోడ్రిగో మరీన్యో, క్లైవ్ రైట్, వాళ్ళతో పాటు కొందరు సమాజశాస్త్రవేత్తలు ఈ క్లబ్బుల తలుపు తట్టారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళను లెక్కపెడితే రానివాళ్ళ సంగతి తెలియదు. అందుకే మనుషులు ముందే పోగయ్యే చోటికి వెళ్ళారు. ఏడువందల మందికి పైగా గ్రీకు, ఇటాలియన్ వృద్ధుల నోళ్ళు పరీక్షించి, మాట్లాడి, వివరాలు రాసుకున్నారు. డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళరంటే వినిపించేవి మనకూ తెలిసిన మాటలే: డబ్బు, భాష, ఈ వయసులో పళ్ళు పోవటం మామూలే కదా అన్న నమ్మకం. ఈ మూడోది లొంగితే తప్ప మొదటి రెంటికీ ఎంత సాయం చేసినా ఫలితం అంతంతమాత్రమే అని నేననుకుంటాను. పోయేదే అని తేలిపోయిన పన్ను కోసం ఎవరూ బస్సెక్కరు.

ఆ నమ్మకం తప్పని శాస్త్రం అప్పటికి ముప్ఫయ్యేళ్ళ కిందటే చెప్పింది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లో అనే నార్వే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు పన్నెండు మందిని పళ్ళు తోముకోవటం మానెయ్యమన్నారు. ఎక్కువమంది విద్యార్థులే, అందరివీ ఆరోగ్యమైన చిగుళ్ళు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరి చిగుళ్ళూ ఎర్రబడి వాచాయి. మళ్ళీ తోముకోవటం మొదలుపెట్టగానే దాదాపు వారంలో మామూలయ్యాయి. 1965లో అచ్చయిన ఈ చిన్న ప్రయోగం చిగుళ్ళ జబ్బు గురించిన ఆలోచననే మార్చింది. వయసు వల్ల, ఒంటి తత్వం వల్ల వస్తుందనుకున్నది పాచి వల్ల వస్తోంది. పాచి తీసేస్తే పోతోంది. అంటే మొదటి మందు రోగి చేతిలోనే ఉంది.

మరి ఆ చేతితో రోజూ ఆ పని చేయించటం ఎలా? స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ పట్టణంలో పెర్ అక్సెల్సన్, యాన్ లిండే 1972లో దీన్ని గట్టిగా పరీక్షించారు. ఒక గుంపు పెద్దవాళ్ళను మొదటి రెండేళ్ళు రెండు నెలలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి పిలిచి పళ్ళు శుభ్రం చేసి, ఎలా తోముకోవాలో మళ్ళీ మళ్ళీ నేర్పారు. ఇంకో గుంపుకు ఏడాదికోసారి మామూలు చికిత్స. ఆరేళ్ళ తర్వాత చూస్తే మొదటి గుంపులో కొత్త పుచ్చులు దాదాపు లేవు, చిగుళ్ళు నిలబడ్డాయి. రెండో గుంపులో రెండూ పాడవుతూనే ఉన్నాయి, పూడ్చిన పళ్ళతో సహా. నివారణ పనిచేస్తుందనటానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కానీ ఆ రుజువు వెల చూడండి. ఒక్కో మనిషికి ఏడాదికి నాలుగు నుంచి ఆరు సార్లు కుర్చీ కావాలి. స్వీడన్‌కు చెల్లింది. వరసలో వేలమంది నిలబడ్డ ఆసుపత్రికి ఆ లెక్క చెల్లదు.

ఈ లెక్కను సూటిగా అడిగినవాడు ఆబ్రీ షైహమ్. దక్షిణాఫ్రికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఈ దంతవైద్యుడు 1977లో లాన్సెట్ పత్రికలో, ఆర్నెల్లకోసారి అందరూ పళ్ళు చూపించుకోవాలనే నియమానికి శాస్త్రీయ ఆధారమేదని ప్రశ్నించాడు. అది సోమరితనాన్ని సమర్థించే ప్రశ్న అని కొందరు దంతవైద్యులు మండిపడ్డారు. నిజానికి అది పంపకానికి సంబంధించిన ప్రశ్న. బాగున్నవాడు ఆర్నెల్లకోసారి ఆక్రమించే కుర్చీ, బాగాలేనివాడికి అందని కుర్చీ. షైహమ్ జీవితాంతం ఇదే అడిగాడు. ఆయన్ని చదవకుండా పంటి వైద్యపు ఖర్చు గురించి మాట్లాడటం కష్టం.

మిగిలిన ముక్క పళ్ళతో ఏ సంబంధమూ లేని చోట దొరికింది. 1970ల చివర్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ కీళ్ళవాపు రోగుల కోసం ఒక కోర్సు తయారుచేసింది. వారానికోసారి చిన్న గుంపు కూర్చుంటుంది. నడిపేది డాక్టరు కాదు, తర్ఫీదు పొందిన మామూలు మనిషి. తరచుగా ఆ మనిషికీ అదే జబ్బు ఉంటుంది. కోర్సు వల్ల నొప్పి తగ్గింది. ఎందుకు తగ్గిందన్నది మాత్రం లోరిగ్‌ను చాలాకాలం వేధించింది. వ్యాయామాలు బాగా చేసినవాళ్ళకే బాగా తగ్గాలి కదా? లెక్క అలా కుదరలేదు. నేర్చుకున్న అలవాట్లకూ కలిగిన మేలుకూ మధ్య సంబంధం పలచగా ఉంది. అదే విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఒక సిద్ధాంతం ప్రకటించి ఉన్నాడు: ఈ పని నా వల్ల అవుతుందన్న నమ్మకమే మనిషి ఆ పనికి పూనుకోవటాన్నీ, దాన్ని కొనసాగించటాన్నీ చాలావరకు నిర్ణయిస్తుందని. లోరిగ్ రోగుల్లో మేలుతో కలిసి నడిచింది ఆ నమ్మకమే. తనలాంటి ముసలామె చేసి చూపిస్తే "ఆవిడ చేసింది, నేనెందుకు చెయ్యలేను" అనిపిస్తుంది. తెల్లకోటు వేసుకున్న కుర్రాడు చూపిస్తే ఆ మాట పుట్టదు.

1993లో లోరిగ్ బృందం నాలుగేళ్ళ ఫలితాలు ప్రకటించింది. కోర్సు చేసినవాళ్ళ నొప్పి సగటున 20 శాతం తగ్గింది, వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళటం 40 శాతం తగ్గింది. జబ్బు మాత్రం ముదురుతూనే ఉంది, కీళ్ళ అశక్తత 9 శాతం పెరిగింది. ఆరోగ్య విద్య ఖర్చు మిగిల్చినట్టు కాగితం మీద ఇంత స్పష్టంగా చూపించిన సందర్భాలు అప్పటికి చాలా తక్కువ.

మెల్‌బోర్న్ బృందం ఈ పోగులన్నిటినీ కలిపింది. క్లబ్బుల్లోనే, వాళ్ళ భాషలోనే, చిన్న గుంపులుగా కూర్చోబెట్టి వరసగా జరిపే చర్చలు, చేతికిచ్చే సమాచార పత్రాలు. ఆంగ్ల పేరులోని అక్షరాలు కలిపి దీన్ని ఓర్హిస్ అన్నారు. దీని మొదటి పెద్ద వ్యాసం 2004లో వచ్చింది. పాల్గొన్నవాళ్ళ జ్ఞానం, వైఖరి, తమ వల్ల అవుతుందన్న ధీమా, నోటి శుభ్రత అలవాట్లు మెరుగుపడ్డాయని అది చెప్పింది. ఇందులో కొత్త మందు లేదు, కొత్త పరికరం లేదు. మారింది చోటు, మారింది మాట చెప్పే తీరు. నేను దీన్ని ఆవిష్కరణ అనే పిలుస్తాను. ఎందుకంటే తెలిసిన విషయాన్ని అందని మనిషికి అందించే దారి అంతకు ముందు అక్కడ లేదు.

చవక ఎందుకయిందో చూడటానికి ఒక ఊహా లెక్క వేద్దాం. వందమంది వృద్ధులు, ఒక్కొక్కరికి కుర్చీ పక్కన అరగంట చొప్పున నాలుగు సార్లు బోధన. మొత్తం 200 గంటలు, అదీ చదువుకున్న దంతవైద్య సిబ్బంది గంటలు. అదే వందమందిని ఇరవైమంది చొప్పున ఐదు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు గంట చొప్పున నాలుగు సార్లు చెబితే 20 గంటలు. పదో వంతు. ఇది చెప్పేవాళ్ళ వైపు లెక్క. వినేవాళ్ళ వైపు కూడా ఒకటుంది, దాన్ని బడ్జెట్లు సాధారణంగా రాసుకోవు. క్లినిక్‌కు వెళ్ళాలంటే ముసలావిడకు సగం రోజు పోతుంది. కారులో దింపటానికి కూతురు సెలవు పెట్టాలి, లేదా దుబాసీని ముందే పిలిపించాలి. క్లబ్బుకు ఆవిడ ఎలాగూ మంగళవారం వస్తుంది. ఆ రోజు చర్చకు ఆవిడ పెట్టే అదనపు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

2014లో మరీన్యో, ఆయన సహచరులు ఈ లెక్కను పద్ధతిగా వేసి, వృద్ధాప్య వైద్యానికి సంబంధించిన ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. క్లబ్బు పద్ధతికీ కుర్చీ పక్కన ఒక్కొక్కరికీ చెప్పే పద్ధతికీ ఖర్చులు పోల్చారు. క్లబ్బు పద్ధతి చాలా తక్కువలో తేలింది. వాళ్ళు వాడిన విధానానికి ఆర్థికవేత్తలు పెట్టిన పేరు ఖర్చు తగ్గింపు విశ్లేషణ. రెండు దారులూ ఒకే ఫలితానికి చేరుస్తాయని అనుకుంటే, ఇక మిగిలిన ప్రశ్న ఏది చవక అన్నదొక్కటే.

ఆ "అనుకుంటే" దగ్గర కాస్త ఆగాలి. 2001లోనే ఆండ్రూ బ్రిగ్స్, బెర్నీ ఓబ్రయన్ అనే ఇద్దరు ఆరోగ్య ఆర్థికవేత్తలు ఈ విధానానికి కాలం చెల్లిందా అని అడుగుతూ వ్యాసం రాశారు. రెండు చికిత్సల మధ్య తేడా కనబడలేదు అన్నంత మాత్రాన రెండూ సమానమని తేలినట్టు కాదు, తేడాను పట్టుకునేంత పెద్ద పరీక్ష జరగకపోయి ఉండొచ్చు అన్నది వాళ్ళ వాదన. అది న్యాయమైన వాదనే. కానీ క్లబ్బుల విషయంలో అసలు పోలిక ఇంకోటని నాకనిపిస్తుంది. ఈ ముసలివాళ్ళకు కుర్చీ పక్కన నాలుగు సార్లు బోధన ఎవరూ చెయ్యటం లేదు. కాగితం మీద క్లబ్బుకు పోటీగా నిలిచిన పద్ధతి వాళ్ళ జీవితంలో లేనేలేదు. ఉన్నది నిరీక్షణ జాబితా. క్లబ్బు చర్చను పోల్చాల్సింది దానితోనే.

ఫలితాన్ని కొలవటం ఇంకో చిక్కు. గుండె ఆపరేషన్ చేస్తే ఆయుష్షు ఎంత పెరిగిందో లెక్కపెట్టవచ్చు. చిగుళ్ళ రక్తం ఆగితే ఏం పెరిగినట్టు? ఆరోగ్య శాఖలు వాడే మామూలు కొలబద్దలకు నోరు సరిగా ఆనదు. ఈ లోటు తీర్చే ప్రయత్నం కూడా ఆస్ట్రేలియాలోనే జరిగింది. 1994లో అడిలైడ్‌లో గ్యారీ స్లేడ్, జాన్ స్పెన్సర్ 49 ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. పళ్ళ వల్ల తినటానికి ఇబ్బంది పడ్డారా, నలుగురిలో సిగ్గుపడ్డారా, విసుగు వచ్చిందా లాంటి ప్రశ్నలు. 1997లో స్లేడ్ దాన్ని 14 ప్రశ్నలకు కుదించాడు. ఇప్పుడది ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లో వాడుకలో ఉంది. నోరు మూసుకుని నవ్వే మనిషి బాధకు ఒక అంకె దొరికింది. అంకె లేనిది ఖజానా కంటికి కనబడదు కాబట్టి ఇది చిన్న మేలు కాదు.

ఇప్పుడు చవకతనంలో నన్ను కలవరపెట్టే సంగతి. ఇలాంటి కార్యక్రమాల్లో గుంపును పోగుచేసేది, కుర్చీలు వేసేది, రానివాళ్ళకు ఫోను చేసేది, సందేహాలు తీర్చేది ఆ సమాజంలోని వాళ్ళే, ఎక్కువగా ఆడవాళ్ళే. జీతం తీసుకునేవాళ్ళు కొందరే. లెక్కల పుస్తకంలో మిగిలినవాళ్ళ గంట విలువ సున్నా అని రాస్తే కార్యక్రమం ఎంతో చవకగా కనిపిస్తుంది. ఆరోగ్య ఆర్థికశాస్త్రపు మంచి పుస్తకాలు అలా రాయొద్దనే చెబుతాయి. స్వచ్ఛందంగా ఇచ్చిన గంటకూ వెల కట్టాలి, ఆ గంటలో ఆమె ఇంకేం చేసి ఉండేదో చూడాలి. వెల కట్టినా క్లబ్బు పద్ధతి చవకే అవుతుంది, ఎందుకంటే ఒక గంట ఇరవైమందికి పంచబడుతోంది. అప్పుడు ఆమె గంటకు డబ్బివ్వటానికి అడ్డేముంది? డబ్బివ్వని పని ఆ ఒక్క మనిషి జబ్బుపడగానే ఆగిపోతుంది. అందుకే మొదటి రెండేళ్ళు బ్రహ్మాండంగా నడిచి మూడో ఏడు మాయమయ్యే ఆరోగ్య కార్యక్రమాలు ఇన్ని.

భాషకు సంబంధించిన లెక్క ఒకటి వీటన్నిటికన్నా నిర్దాక్షిణ్యమైనది. సమాచార పత్రం తయారుచెయ్యటం, దాన్ని ఆ భాషలో రాయించటం, బొమ్మలు వెయ్యటం, చెప్పేవాళ్ళకు తర్ఫీదివ్వటం, ఇవన్నీ ముందే అయ్యే ఖర్చులు. వినేవాళ్ళు పదివేలమంది ఉన్నా వందమంది ఉన్నా ఈ ఖర్చు ఒక్కటే. మెల్‌బోర్న్‌లో గ్రీకులు, ఇటాలియన్లు లక్షల్లో ఉన్నారు కాబట్టి తలకు పడేది తక్కువ. ఆ వీధిలోనే ఉండే చిన్న భాషవాళ్ళ దగ్గర అదే కార్యక్రమం ఖరీదైనదిగా తేలుతుంది. చవకదనం ఒక్కటే కొలత అయితే పెద్ద భాషలకు మొదటి వరస, చిన్న భాషలకు ఎప్పటికీ రాని వంతు. అవసరం మాత్రం ఆ వరస ప్రకారం ఉండదు.

పైగా మిగిలిన డబ్బు ఎవరి జేబులో మిగులుతుంది? క్లబ్బు చర్చకు ఖర్చు పెట్టేది ఒక ఆరోగ్య శాఖో, విశ్వవిద్యాలయమో. పన్ను నిలబడితే లాభపడేది పింఛనుదారు, డబ్బు కట్టే బాధ తప్పిన కొడుకు, అర్ధరాత్రి వాచిన దవడతో వచ్చే మనిషిని చూడక్కర్లేని అత్యవసర విభాగం. పెట్టినవాడి పుస్తకంలో లాభం కనబడదు. నివారణ పథకాలు బడ్జెట్ సభల్లో ఓడిపోవటానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.

ఇదే ఆలోచన ఇంకో దేశంలో ఇంకో రూపం తీసుకుంది. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయ దంతవైద్య కళాశాల ఎల్డర్‌స్మైల్ పేరుతో హార్లెమ్, వాషింగ్టన్ హైట్స్ ప్రాంతాల్లోని వృద్ధుల కేంద్రాలకు వెళ్ళింది. అక్కడ డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన స్పానిష్ మాట్లాడే వృద్ధులు ఎక్కువ. నోటి ఆరోగ్యంతో ఆగకుండా 2010 నుంచి షుగరు, బీపీ పరీక్షలు కూడా కలిపారు. పళ్ళ కోసం కూర్చున్న మనిషికి షుగరు ఉందని అక్కడే తెలిస్తే ఒక్కసారి కూర్చుంటే రెండు పనులు. షుగరు చిగుళ్ళను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగరును అదుపు తప్పిస్తాయి, కాబట్టి ఇది లెక్కకూ వైద్యానికీ రెండిటికీ సరిపోయింది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి మన తల్లిదండ్రుల దగ్గరికి వస్తాను. 1965 నాటి చట్టంలోనే అక్కడి మెడికేర్ మామూలు పంటి వైద్యాన్ని మినహాయించింది. గ్రీన్‌కార్డు మీద వెళ్ళిన అమ్మానాన్నలకు ఆ మెడికేర్ కూడా వెంటనే రాదు. అరవైఅయిదేళ్ళు నిండి, అయిదేళ్ళు వరసగా అక్కడ ఉన్నాకే కొనుక్కునే వీలు, అదీ నెలనెలా డబ్బు కట్టి. అక్కడ పదేళ్ళు పనిచేసిన చరిత్ర వాళ్ళకు ఉండదు కదా. కొడుకు కంపెనీ ఇచ్చే పళ్ళ బీమా భార్యకూ పిల్లలకూ వర్తిస్తుంది, తల్లిదండ్రులకు సాధారణంగా వర్తించదు. ఆర్నెల్లకు విజిటరుగా వెళ్ళినవాళ్ళ బీమాలో మామూలు పంటి వైద్యం ఉండదు. ఆస్ట్రేలియాకు వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులు, శాశ్వత వీసా కోసం తలకు నలభైవేల డాలర్లకు పైగా కట్టినవాళ్ళతో సహా, 1975లో ఇటాలియన్లకు ఎదురైన గోడ ముందే నిలబడతారు.

అందుకే మనవాళ్ళు ఒక సొంత పద్ధతి కనిపెట్టుకున్నారు: ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాం. హైదరాబాదులో రూట్ కెనాల్, గుంటూరులో కట్టుడు పళ్ళు. కుటుంబం జేబు చూస్తే ఇది తెలివైన నిర్ణయం. విమానం టికెట్ ఎలాగూ కొన్నారు, అక్కడి ధరలో చిన్న భాగానికి పని అయిపోతుంది. కానీ పిప్పి పన్ను టికెట్ తేదీ కోసం ఆగదు. పద్దెనిమిది నెలల కిందట పూడిస్తే సరిపోయేది ఇప్పుడు పీకాల్సి వస్తుంది. ఎముక తగ్గిపోయాక కట్టుడు పళ్ళూ సరిగా నిలవవు. వైద్యాన్ని వాయిదా వెయ్యవచ్చు, పాచిని వాయిదా వెయ్యలేం. ఈ ఖాళీలోనే మెల్‌బోర్న్ పద్ధతి మనకు పనికొస్తుంది.

మన దగ్గర క్లబ్బులు ఇప్పటికే ఉన్నాయి. గుడి భోజనశాలలు, పార్కుల్లో సాయంత్రం నడిచే గుంపులు, తెలుగు సంఘాల పెద్దల సమావేశాలు. పళ్ళ డాక్టర్లూ ఉన్నారు, ఆదివారాలు ఉచిత శిబిరాలు పెడుతున్నారు, వాళ్ళ మంచితనానికి నమస్కారం. కానీ శిబిరం ఒక్కరోజు వ్యవహారం. రెండు పళ్ళు పుచ్చాయి అని చీటీ మీద రాసిస్తుంది, పూడ్చే దారి చూపదు, వచ్చే నెల ఎలా తోముతున్నారో అడగదు. ఒకే గుంపు మళ్ళీ మళ్ళీ కలవటంలో ఉన్న బలాన్ని అది వాడుకోదు.

ఇటాలియన్ పత్రాన్ని తెలుగులోకి మార్చేస్తే సరిపోదు కూడా. మన పెద్దల్లో వక్కపొడి నమిలే అలవాటుంది. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ఆడవాళ్ళున్నారు, వాళ్ళ అంగిలిలో వచ్చే క్యాన్సరు మీద విశాఖపట్నం వైద్యులు 1950ల నుంచే రాశారు. బొగ్గుపొడితో, ఇటుకపొడితో, ఉప్పుతో గట్టిగా రుద్ది పంటి పైపొర అరగదీసుకున్నవాళ్ళున్నారు. బీపీ, నిద్ర, మనోవ్యాధి మందుల వల్ల నోరు ఎండిపోయేవాళ్ళున్నారు, లాలాజలం తగ్గితే పుచ్చు ఎంత వేగంగా వస్తుందో వాళ్ళకెవరూ చెప్పలేదు. అల్లుడి ముందు కట్టుడు పళ్ళు తీయటానికి సిగ్గుపడి రాత్రంతా వాటితోనే పడుకునే అత్తగార్లున్నారు. ఇవి మాట్లాడాలంటే మాట్లాడే మనిషికి ఈ ఇళ్ళు తెలియాలి.

ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణ మీద వేసిన రాయల్ కమిషన్ 2021 మార్చిలో తుది నివేదిక ఇచ్చింది. వృద్ధులకు ప్రత్యేకంగా పంటి వైద్య సాయం పథకం పెట్టమనీ, 2023 జనవరి 1 లోపు మొదలుపెట్టమనీ అందులో సిఫారసు చేసింది. ఆ తేదీ దాటిపోయింది, పథకం రాలేదు. ఒకవేళ వచ్చినా అది చికిత్సకు డబ్బిస్తుంది, ఆదివారం మధ్యాహ్నం గుడి భోజనశాలలో ఇరవైమందిని కూర్చోబెట్టే మనిషికి ఇవ్వదు.

ఆ పని కోసం ఏదైనా తెలుగు సంఘం బడ్జెట్ రాస్తే అందులో ఉండాల్సినవి కొన్నే. మెత్తటి బ్రష్షులు, పాచిని రంగులో చూపించే మాత్రలు, చేతి అద్దాలు, పెద్ద అక్షరాల్లో తెలుగు కాగితాలు, సందేహం వచ్చినప్పుడు ఫోనెత్తే ఒక డెంటిస్టు. వీటికన్నా పైన, మొదటి వరసలో, ఆ గుంపును నడిపే మనిషి గంటకు ఇంత అని ఒక అంకె.